కారు నేలను పట్టుకోవాలంటే గాలిని ఎక్కడ పట్టుకోవాలి?

2021లో వచ్చిన పోర్షే 911 జీటీ3 కారు ఇంజిన్ బలం 510 హార్స్‌పవర్. గరిష్ఠ వేగం గంటకు 318 కిలోమీటర్లు. 2022 ఆగస్టులో అదే కంపెనీ దానికి ఇంకో మెట్టు పైన జీటీ3 ఆర్ఎస్ అని తెచ్చింది. బలం 525 హార్స్‌పవర్, ధర బాగా ఎక్కువ, గరిష్ఠ వేగం మాత్రం 296. పదిహేను గుర్రాలు అదనంగా కట్టి, డబ్బులూ ఎక్కువ తీసుకుని, వేగం 22 కిలోమీటర్లు తగ్గించి ఇచ్చారన్నమాట. పైగా ముందువైపు సామాను పెట్టుకునే చోటు కూడా లేదు. అదంతా ఒక పెద్ద రేడియేటర్ మింగేసింది.

కొనేవాళ్ళు ఇదంతా తెలిసే కొంటారు. రేసు ట్రాక్ మీద సూటి దారిలో పోగొట్టుకున్న సమయం కన్నా మలుపుల్లో మిగిలే సమయం ఎక్కువ. కారుని నేలకి నొక్కే రెక్కలే గాలికి అడ్డం పడి దాన్ని వెనక్కి లాగుతాయి కూడా. ఆ తగ్గిన 22 కిలోమీటర్లు మలుపుల్లో పట్టు కోసం గాలికి కట్టిన ధర. ఈ బేరం తెలియకుండా డిక్కీ మీద రెక్క బిగించేవాళ్ళు ధర కట్టి సరుకు తీసుకోకుండా ఇంటికొస్తారు. నేను చూసినంతలో మార్పులు చేయించుకున్న కార్లలో ఎక్కువ శాతం ఇదే బాపతు.

ముందు పట్టు సంగతి. కారు రోడ్డును తాకేది నాలుగు టైర్ల దగ్గరే, ఒక్కోచోట మన అరచేయంత మేర. ఆ నాలుగు అరచేతుల్ని ఎంత గట్టిగా నేలకేసి నొక్కితే పట్టు అంత పెరుగుతుంది. మరైతే డిక్కీలో రెండు సిమెంటు బస్తాలు వేసుకుంటే సరిపోదా? సరిపోదు. బస్తాలు టైర్లను నొక్కే మాట నిజమే కానీ, మలుపులో ఆ బస్తాల్ని కూడా తిప్పాల్సింది ఆ టైర్లే. వచ్చిన పట్టంతా వాటికే ఖర్చయిపోతుంది. దానికి తోడు టైరుకో గుణం ఉంది. మీద పడే భారం రెట్టింపైనప్పుడు పట్టు పెరుగుతుంది గానీ పూర్తిగా రెట్టింపు కాదు. లెక్క తేలేసరికి బస్తాలతో నష్టమే. గాలి నొక్కితే అలా కాదు. టైరుకి భారం పెరుగుతుంది, తిప్పాల్సిన కారు మాత్రం పాతదే. ఈ మోయక్కర్లేని బరువు పేరే డౌన్‌ఫోర్స్.

దీనికి ఉన్న మొదటి చిక్కు, వేగం. గాలి బలం వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే బలం నాలుగింతలు. జీటీ3 ఆర్ఎస్‌కి 200 కిలోమీటర్ల వేగంలో 409 కిలోల డౌన్‌ఫోర్స్ అని పోర్షే చెప్పింది. 285 దగ్గర 860 కిలోలు. కారు బరువే 1450 కిలోలు కాబట్టి ఆ వేగంలో సగానికి పైగా ఇంకో కారు పైన కూర్చున్నట్టు. ఇప్పుడదే లెక్క కిందికి దించండి. వందలో సుమారు 100 కిలోలు. యాభైలో పాతిక. పోర్షే కంపెనీ, కారు మీదికి గాలి తోలి పరీక్షించే విండ్ టన్నెల్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి తయారుచేసిన కారుకే ఊళ్ళో తిరిగే వేగంలో వచ్చేది ఒక బియ్యం బస్తా బరువు.

ఇక బయట కొని బిగించే రెక్క సంగతి చూద్దాం. 160 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క అనుకోండి. దాన్ని మంచి గాలిలో, సరైన కోణంలో పెడితే 60 వేగంలో వచ్చే డౌన్‌ఫోర్స్ ఏడు కిలోలు. రెక్క, దాని కాళ్ళు, బోల్టులు కలిపి అంతే తూగినా ఆశ్చర్యం లేదు. వందలో 19 కిలోలు. 1400 కిలోల కారుకి ఇది ఒకటిన్నర శాతం లోపే, దీనివల్ల మలుపు వేగంలో కలిసొచ్చేది ఇంకా సగం. వంద మీద తిరిగే మలుపులో ముప్పావు కిలోమీటరు. రెండొందలకి చేరితే అదే రెక్క 75 కిలోలిస్తుంది. అప్పుడు అది పరికరం. అంతవరకు అది కండువా.

అసలు గాలి కారుని ఏం చేస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువు. తుఫాను వచ్చినప్పుడు రేకుల కప్పులు ఎగిరిపోవడం కోస్తా వాళ్ళకి కొత్త కాదు. గాలి పైనుంచి పోతోంటే కప్పు పైకి ఎందుకు లేస్తుంది? వాలు మీదుగా వంగి పోయే గాలికి వేగం పెరిగి, అక్కడ ఒత్తిడి పడిపోతుంది. లోపలి గాలి ఒత్తిడి అలాగే ఉంటుంది. కింద నుంచి తోపుడు, పైనుంచి పీకుడు, మేకులు ఊడతాయి. కారు ఆకారం కూడా ఇంచుమించు అదే. పైన వంపు, కింద బల్లపరుపు. అందుకే మామూలు కారు ఏదైనా వేగం పెరిగేకొద్దీ కొంచెం కొంచెం తేలికవుతుంది. దీన్ని లిఫ్ట్ అంటారు. (బళ్ళో కొందరు చెప్పే ఓ కథ ఉంది, పైన దూరం ఎక్కువ కాబట్టి కింది గాలిని కలుసుకోవడానికి పైగాలి పరుగెత్తుతుందని. అది తప్పు. రెండు గాలులూ మళ్ళీ కలుసుకోవాలన్న ఒప్పందం ఏదీ లేదు, కలుసుకోవు కూడా.)

లిఫ్ట్ ఎంత ప్రమాదమో ఆడి కంపెనీకి 1999లో బాగా తెలిసింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఆడి టీటీ వెనకభాగం నున్నగా, గుండ్రంగా, చూడ ముచ్చటగా ఉండేది. జర్మనీ ఆటోబాన్ల, అంటే హైవేల మీద పెద్ద వేగాల్లో దిశ మార్చినప్పుడు, బ్రేకు వేసినప్పుడు వెనకభాగం పట్టు తప్పి ప్రమాదాలు జరిగాయి. కంపెనీ కార్లను వెనక్కి పిలిపించి సస్పెన్షన్ మార్చింది, కారు జారబోతే దానంతటదే బ్రేకు వేసి సరిచేసే ఈఎస్‌పీ పెట్టింది, డిక్కీ అంచున ఒక చిన్న స్పాయిలర్ బిగించింది. డిజైన్ అభిమానులు ఆ చిన్న పట్టీని చూసి బాధపడ్డారు. గాలికి మాత్రం అందచందాలతో పనిలేదు.

స్పాయిలర్, వింగ్ రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. డిక్కీకి అంటుకుని అంచులా లేచి ఉండేది స్పాయిలర్. అది గాలి కారు వీపు మీదుగా జారి కిందికి వంగకుండా అడ్డుపడి, లిఫ్ట్‌ని చెడగొడుతుంది. ఆ పేరుకి అర్థమే చెడగొట్టేదని. కాళ్ళ మీద నిలబడి, పైనా కిందా గాలి పారేది వింగ్, మన మాటల్లో రెక్క. విమానం రెక్కని తిరగేసినట్టు ఉంటుంది కాబట్టి అది కిందికి లాగుతుంది. స్పాయిలర్ అప్పు తీరుస్తుంది, రెక్క ఆస్తి సంపాదిస్తుంది.

అప్పు తీర్చడమూ చిన్న విషయం కాదు. 1972లో పోర్షే ఇంజినీర్లు 911 కారెరా ఆర్ఎస్ 2.7 కోసం వెనక మూతకి బాతు తోకలాంటి అంచు తయారుచేశారు. దాంతో వెనక చక్రాల మీద లిఫ్ట్ మూడో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. విచిత్రంగా గరిష్ఠ వేగం కూడా నాలుగున్నర కిలోమీటర్లు పెరిగింది. అడ్డం పెడితే వేగం పెరగడమేంటి? కారు వెనక సుడులు తిరుగుతూ బండిని వెనక్కి లాగే గాలిని ఆ అంచు సరిదిద్దింది. నన్నడిగితే రోడ్డు మీద తిరిగే కారుకి ఇంతకు మించి చేయాల్సిన పని అరుదు.

రెక్క దగ్గరికి వస్తే అసలు తగాదా మొదలవుతుంది. రెక్కని ఎక్కడ పెడతారు? డిక్కీ చివర, వెనక చక్రాల కన్నా వెనక్కి. తూగుడుబల్ల గుర్తు చేసుకోండి. వెనక చక్రాల ఇరుసే దాని ఆధారబిందువు. దాని వెనక నొక్కితే ముందుభాగం లేస్తుంది. ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 250 సెంటీమీటర్ల దూరం, రెక్క వెనక ఇరుసుకి 50 సెంటీమీటర్ల అవతల ఉందనుకుందాం. రెక్క మీద 100 కిలోల బలం పడితే వెనక టైర్లకి అందేది 120. ఆ అదనపు 20 ముందు టైర్ల నుంచి లాక్కున్నదే. స్టీరింగ్ తిప్పేది ముందు టైర్లతో. పెద్ద వేగంలో, పెద్ద మలుపులో, స్టీరింగ్ తిప్పినా కారు తిరగనంటుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. ఒక్క వెనక రెక్క మాత్రమే పెట్టిన కారు నడిపినవాళ్ళు "వెనక రాయిలా కూర్చుంది" అని మెచ్చుకుంటూనే మలుపు బయటికి జారిపోతుంటారు.

అందుకే రెక్కకి జోడీ ముందు బంపర్ కింద ఉంటుంది. బంపర్ అడుగున పలకలా ముందుకి చొచ్చుకొచ్చే స్ప్లిటర్. బంపర్‌ని గుద్దుకుని ఆగిన గాలి దాన్ని పైనుంచి నొక్కుతుంది, కింద సందులో పరుగెత్తే గాలి కిందికి లాగుతుంది. ఇది నేలకి దగ్గరగా ఉంటేనే పనిచేస్తుంది, నేలకి దగ్గరగా ఉంటే మన స్పీడ్ బ్రేకర్ దాన్ని బతకనివ్వదు. ట్రాక్‌ల దగ్గర పాతకాపులు చెప్పే పరీక్ష ఒకటుంది: బిగించాక స్ప్లిటర్ మీద ఎక్కి నిలబడు, వంగితే విప్పేయ్. వేగంలో అది విరిగి ముందు టైర్ల కిందికి వెళితే కారుకి స్టీరింగ్ ఉన్నా లేనట్టే.

ఈ విరగడం ఊరికే భయపెట్టే మాట కాదు. 1969 స్పానిష్ గ్రాండ్ ప్రిలో, బార్సిలోనాలోని మోంట్‌జూయిక్ కొండ రోడ్డు మీద, లోటస్ కార్లకి సన్నని కాళ్ళ మీద ఆకాశంలో నిలబెట్టిన రెక్కలుండేవి. గ్రాహం హిల్ కారు రెక్క విరిగి ప్రమాదం జరిగింది. కొన్ని ల్యాప్‌ల తర్వాత అదే చోట జోకెన్ రింట్ కారుదీ విరిగింది. ఇద్దరూ బతికి బయటపడ్డారు. ఆ తర్వాతి రేసు మొనాకోలో ఎత్తైన రెక్కల్ని నిషేధించారు. వంద కిలోల డౌన్‌ఫోర్స్ అంటే ఆ వంద కిలోలూ డిక్కీ రేకుకి వేసిన నాలుగు బోల్టుల మీద పడతాయని అర్థం. గుంతలో పడ్డప్పుడు ఆ కుదుపు దీనికి అదనం.

ఇంతవరకు కంటికి కనిపించేవి చెప్పాను. అసలు ధనం కారు కింద ఉంది.

కాలువ నీరు తూము దగ్గరికి వచ్చేసరికి జోరందుకోవడం అందరూ చూసిందే. దారి ఇరుకైతే నీటికైనా గాలికైనా వేగం పెరుగుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. కారు అడుగుభాగానికీ రోడ్డుకీ మధ్య సందు అలాంటి తూమే. దాన్ని సరిగ్గా మలిస్తే కారు మొత్తం ఒక రెక్క అవుతుంది. రెక్క వైశాల్యం అర చదరపు మీటరు ఉండదు, కారు అడుగు అంతకు ఎన్నో రెట్లు. ఈ గ్రౌండ్ ఎఫెక్ట్‌ని లోటస్ 1977లో 78 నంబరు కారుతో ఫార్ములా వన్‌లోకి తెచ్చింది. పక్కల్లో తిరగేసిన రెక్క ఆకారపు సొరంగాలు, బయటి గాలి లోపలికి చొరబడకుండా నేలని తాకే అంచులు. మరుసటి ఏడాది లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

అమెరికాలో జిమ్ హాల్ అయితే 1970లోనే చాపరల్ 2జె అనే కారుకి వెనక రెండు ఫ్యాన్లు పెట్టి, వేరే చిన్న ఇంజిన్‌తో తిప్పి, కింది గాలిని పీల్చేశాడు. మన ఇంట్లో వాక్యూమ్ క్లీనర్ తివాచీకి అతుక్కున్నట్టు కారు రోడ్డుకి అతుక్కుంది. వేగం లేకపోయినా పట్టు! నిషేధించారు. 1978లో బ్రాభం జట్టు ఫార్ములా వన్ కారు బీటీ46బి ఇదే పని చేసి, నికీ లౌడా చేతుల్లో స్వీడన్‌లో ఒకే ఒక్క రేసు ఆడి, గెలిచి, ఇంటికెళ్ళిపోయింది. దాన్ని తయారుచేసిన గోర్డన్ మర్రీ ఆ మోజు వదులుకోలేక, నాలుగు దశాబ్దాల తర్వాత తన సొంత రోడ్డు కారు టీ.50కి వెనక ఫ్యాన్ పెట్టుకున్నాడు.

మామూలు స్పోర్ట్స్ కారుకి ఈ కింది పని చేయాలంటే ముందు అడుగుభాగం నున్నగా ఉండాలి. మన కార్ల అడుగున సైలెన్సర్ గొట్టాలు, గేర్‌బాక్స్, ఇంధనం ట్యాంకు, అన్నీ గాలికి అడ్డం పడే గుట్టలే. అల్యూమినియం రేకుతోనో వేడిని తట్టుకునే పలకలతోనో వాటిని మూసి చదును చేస్తారు. అప్పుడు వెనకవైపు నెమ్మదిగా పైకి లేచే డిఫ్యూజర్ పెడతారు. ఇరుకులోంచి దూసుకొచ్చిన గాలి అక్కడ నిదానంగా విశాలమై, బయటి గాలి ఒత్తిడికి చేరుకుంటుంది. ఈ మార్పు సాఫీగా ఉంటే కింద ఇంకా ఎక్కువ గాలి పారుతుంది, లాగుడు పెరుగుతుంది. కోణం పది డిగ్రీల అటూ ఇటూ ఉంటే చాలు. ఆశపడి నిటారుగా పెడితే గాలి ఆ వాలుని వదిలేసి సుడులు తిరుగుతుంది. ఇక వెనక బంపర్‌కి కింద అతికించే నాలుగు ప్లాస్టిక్ రెక్కల డిఫ్యూజర్ సంగతి. దానికి ముందు చదునైన అడుగు లేనప్పుడు అది బంపర్‌కి పెట్టిన పళ్ళసెట్టు, అంతే.

బంపర్ మూలల మీద అతికించే చిన్న పలకలు, అంటే కెనార్డులు, కప్పు చివర పెట్టే చేపముళ్ళలాంటి వోర్టెక్స్ జనరేటర్లు, వీటి గురించి గంటలు గంటలు వాదిస్తారు. మిగతావన్నీ సరిగ్గా ఉన్నాక కొసరు సర్దుబాటుకి పనికొస్తాయి. ముందు చక్రాల పైన మడ్‌గార్డుకి కోసే చిల్లులు వాటికన్నా మేలు. తిరిగే చక్రం దగ్గర ఇరుక్కుని ముందుభాగాన్ని పైకి తోసే గాలికి దారి దొరుకుతుంది. జీటీ3 ఆర్ఎస్ మడ్‌గార్డుల మీద ఉన్నవి అవే. ఆ కారు ఇంజినీర్లు ఎంతదాకా వెళ్ళారంటే, ముందు సస్పెన్షన్ కడ్డీలని కూడా నీటిబొట్టు ఆకారంలో చెక్కి, గరిష్ఠ వేగంలో వాటి నుంచే 40 కిలోల దాకా రాబట్టారు. కప్పు కన్నా ఎత్తున్న ఆ వెనక రెక్కకి సాటిగా ముందు బలం కావాలి మరి. సామాను చోటు వదులుకుని రేడియేటర్లని ఒకేచోట చేర్చింది కూడా, పక్కల్లో ఖాళీ అయిన చోట ముందు కదిలే పలకలు పెట్టడానికే.

కిందనుంచి వచ్చే పట్టుకి ఒక దుర్గుణం ఉంది. సందు మారితే అది మారిపోతుంది. డౌన్‌ఫోర్స్ పెరిగి కారు కిందికి దిగితే సందు ఇరుకై ఇంకా లాగుతుంది, మరీ ఇరుకైతే గాలి ఆడక బలం ఒక్కసారిగా పోతుంది, కారు లేస్తుంది, మళ్ళీ లాగుతుంది. 2022లో గ్రౌండ్ ఎఫెక్ట్ తిరిగొచ్చినప్పుడు ఫార్ములా వన్ కార్లు సూటి దారుల్లో గెంతుతూ పోయింది ఇందుకే. దీన్ని ఆపాలంటే స్ప్రింగులు గట్టివి వేయాలి. గట్టి స్ప్రింగులేస్తే మామూలు రోడ్డు మీద నడుము విరుగుతుంది. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాల్సిందే.

ఇంకా ఘోరం ముందుభాగం తేలిపోవడం. 1999లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లు గాల్లోకి లేచి పల్టీలు కొట్టాయి. రేసుకి ముందే మార్క్ వెబర్ కారు రెండుసార్లు లేచింది. రేసులో పీటర్ డంబ్రెక్ కారు కంచె దాటి చెట్లలో పడింది. డ్రైవర్లు బతకడం అదృష్టం. ముందు వెళ్ళే కారు వెనక గాలి పలచబడినప్పుడు, రోడ్డు ఎత్తు ఎక్కి దిగే చోట ముక్కు కాస్త పైకి లేచింది. చదునైన అడుగు కిందికి గాలి దూరింది. అంతసేపూ నేలకి లాగిన అదే అడుగుభాగం గాలిపటమైపోయింది.

ఇవన్నీ ఇంట్లో కొలవడం ఎలా? విండ్ టన్నెల్ అక్కర్లేదు. ఉన్ని దారం జానెడు ముక్కలుగా కత్తిరించి, కారు వెనక అద్దం మీద, డిక్కీ మీద, రెక్క అడుగున టేపుతో అతికించి, ట్రాక్ మీద పక్క కారులోంచి వీడియో తీయండి. దారాలు వెనక్కి చదునుగా పడుకుంటే గాలి అంటుకుని పోతోంది. పిచ్చిపట్టినట్టు అన్నివైపులా ఆడితే అక్కడ గాలి విడిపోయింది, అక్కడ రెక్క పెట్టి లాభం లేదు. నిలువుగా తెగినట్టుండే హ్యాచ్‌బ్యాక్‌ల వెనక, అద్దానికి దగ్గరగా పెట్టిన రెక్కలు ఎక్కువగా ఇలాంటి చచ్చిన గాలిలోనే ఉంటాయి. రెక్క అడుగున దారాలు చూడమన్నది ఎందుకంటే, రెక్కలో ఎక్కువ పని చేసేది కింది ముఖమే. 2021 జీటీ3 నుంచి పోర్షే రెక్కని కింద నుంచి మోయకుండా, హంస మెడలాంటి కాళ్ళతో పైనుంచి వేలాడదీసింది అందుకే.

మన దగ్గర వీటికి చోటెక్కడ? రోడ్డు మీద కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. రెక్కలు పనిచేసే వేగాలు చూడాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కో వెళ్ళాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసినవాళ్ళు ఒకటి గమనించి ఉంటారు. ఆ కార్లకి ఫార్ములా వన్ కార్లంత రెక్కలు లేవు. ఇరుకు వీధుల్లో, బ్యాటరీ పొదుపు చేసుకుంటూ పరుగెత్తేవాళ్ళకి గాలితో ఆ ఖరీదైన బేరం గిట్టదు. ట్రాక్‌కి వెళ్ళే మన స్నేహితులకి కూడా నేను చెప్పేది, మొదటి లక్ష టైర్లకీ బ్రేకులకీ పెట్టమని. మంచి టైరు యాభైలోనూ పట్టుకుంటుంది.

రెక్క కథల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. 1971లో అమెరికాలోని ఫీనిక్స్ ట్రాక్‌లో రేసు డ్రైవర్ బాబీ అన్సర్ కారు పరీక్షిస్తూ, వేగం చాలడం లేదు, ఏదో ఒకటి చేయమని టీమ్ యజమాని డాన్ గర్నీ ప్రాణం తీస్తున్నాడు. గర్నీ ఒక లోహపు పట్టీ తెచ్చి వెనక రెక్క చివరి అంచున పైకి నిలువుగా బిగించాడు. అన్సర్ మళ్ళీ నడిపాడు. ల్యాప్ టైమ్ ఏమీ మారలేదు. చూస్తున్నవాళ్ళు పెదవి విరిచారు. అన్సర్ మాత్రం గర్నీని పక్కకి పిలిచి గుట్టుగా చెప్పాడు: వెనక ఎంత గట్టిగా అతుక్కుందంటే ముందుభాగం తట్టుకోలేకపోతోంది, ముందు కూడా సరిచేస్తే చాలు. సరిచేశారు, కారు వేగం అందుకుంది. ఆ పట్టీ ఎందుకని అడిగిన పోటీదార్లకి గర్నీ, కారు నెట్టేటప్పుడు రెక్క అంచు చేతులు కోసేస్తోంది, అందుకని చెప్పాడు. కొందరు నమ్మి తామూ పెట్టుకున్నారు. అందులో మరీ తెలివైనవాళ్ళు, చేతులకి ఇంకా బాగా రక్షణ ఉంటుందని, పట్టీని కిందివైపుకి తిప్పి బిగించుకున్నారు.